నా షుగర్ రిపోర్ట్ మా తమ్ముడి ఫోన్‌కి ఎలా వెళ్లింది?

సంధ్యావెలుగు — సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు ఏడేళ్లుగా షుగర్ ఉంది, టైప్ 2. ఆ సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. సిగ్గుపడి దాచింది కాదు, అడిగినవాళ్లందరికీ సమాధానం చెప్పే ఓపిక లేక చెప్పలేదు, అంతే.

మొన్న శనివారం మధ్యాహ్నం మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, నీకు షుగర్ ఉందా? ఎప్పటినుంచి?" అన్నాడు. నాకు కాసేపు నోట మాట రాలేదు. వాడి ఫోన్‌కి మెసేజ్ వచ్చిందట. నా పూర్తి పేరు, వయసు, "మీ హెచ్‌బీఏ1సీ 9.4, ఆరు నెలలుగా మీరు పరీక్ష చేయించుకోలేదు, వెంటనే డాక్టర్‌ని సంప్రదించండి" అని. హెచ్‌బీఏ1సీ అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష. కింద ప్రభుత్వ ఆరోగ్య శాఖ పేరు, దాని కింద "దీర్ఘకాలిక వ్యాధుల పర్యవేక్షణ విభాగం" అని ఉంది. వాడు కంగారుపడి నాకంటే ముందు అమ్మకి చెప్పేశాడు. అమ్మ ఆ రోజంతా ఏడుస్తూనే ఉంది.

తర్వాత గుర్తొచ్చింది, రెండేళ్ల కిందట నా ఫోన్ పాడైపోయినప్పుడు ల్యాబ్ ఫారంలో తమ్ముడి నంబర్ రాశాను. కానీ ఆ ఫారం ఇచ్చింది ల్యాబ్‌కి. ప్రభుత్వానికి పంపుకోండి అని నేనెక్కడా సంతకం పెట్టలేదు. అసలు ఇది ఎలా వెళ్తుంది? వద్దు అనే హక్కు నాకుందా? తెలిసినవాళ్లు చెప్పండి, మూడు రోజుల నుంచి సరిగ్గా నిద్ర లేదు.

గాజుస్లైడు — సోమవారం, రాత్రి 10:05

అక్కా, నేను పదకొండేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. లోపల ఏం జరుగుతుందో చెప్తాను, కొంతైనా అర్థమవుతుంది.

మీరు ఫారం రాయగానే కౌంటర్‌లో మీకొక పేషెంట్ ఐడీ పుడుతుంది. అదే పేరు, అదే పుట్టిన తేదీతో మళ్లీ వస్తే సాఫ్ట్‌వేర్ పాత ఐడీనే పైకి తెస్తుంది, పాత నంబర్‌తో సహా. లైనులో ఇరవై మంది ఉంటే "నంబర్ ఇదేనా" అని అడిగేవాళ్లు ఉండరు, అది మా తప్పే, ఒప్పుకుంటున్నాను. రక్తం మెషిన్‌లోకి వెళ్లి ఫలితం వచ్చాక, తప్పనిసరిగా తెలియజేయాల్సిన పరీక్షల జాబితాలో ఆ పరీక్ష కోడ్ ఉంటే ఒక కాపీ దానంతటదే శాఖ సర్వర్‌కి వెళ్లిపోతుంది. మేం బటన్ కూడా నొక్కం. ఎవరిది వెళ్లింది, ఎవరిది వెళ్లలేదు అన్నది మాకు స్క్రీన్ మీద కనపడదు కూడా. కాబట్టి మీ రిపోర్ట్‌ని ఎవరో కూర్చుని చూసి పంపారని అనుకోకండి.

ఒక్క పని మాత్రం ముందు చేయండి. నంబర్ మార్పించడం శాఖ దగ్గర కాదు, ల్యాబ్ దగ్గర మొదలుపెట్టండి. శాఖ దగ్గర మార్పించినా తర్వాతి పరీక్షతో పాటు పాత నంబర్ మళ్లీ వెళ్లి కూర్చుంటుంది.

పాతరిజిస్టరు — మంగళవారం, ఉదయం 6:20

సంధ్య గారూ, మీకు జరిగింది తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ రిజిస్టర్ (ఒక జబ్బు ఉన్నవాళ్లందరి వివరాలు ఒకచోట రాసిపెట్టే జాబితా) అనేదే తప్పు అని ఇక్కడ ఎవరైనా అనేలోపు నేను నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగమంతా దాంట్లోనే గడిచింది. కేన్సర్ రిజిస్ట్రీలో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరయ్యాను.

పేర్లు ఎందుకు అని అడుగుతారు అందరూ. ఒకే మనిషి ఒక చోట బయాప్సీ, ఇంకో చోట ఆపరేషన్, మరో చోట రేడియేషన్ చేయించుకుంటాడు. మూడు కాగితాలు వస్తాయి. పేరు లేకపోతే ముగ్గురు పేషెంట్లు అనుకుంటాం. ఆ మనిషి ఐదేళ్ల తర్వాత బతికున్నాడా లేదా తెలియకపోతే ఏ వైద్యం పనిచేసిందో చెప్పలేం. డెన్మార్క్‌లో 1943 నుంచి దేశం మొత్తానికి కేన్సర్ రిజిస్టర్ నడుస్తోంది. ఏ కేన్సర్ పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని మనం ఇవాళ ధీమాగా చెప్పే మాటలు ఇలాంటి పుస్తకాల్లోంచి వచ్చినవే.

షుగర్ విషయానికొస్తే, న్యూయార్క్ నగరం 2006 జనవరిలో మొదలుపెట్టింది. నగరంలోని వాళ్ల హెచ్‌బీఏ1సీ ఫలితాలను ల్యాబ్‌లు పేరు, పుట్టిన తేదీ, చిరునామా, పరీక్ష రాసిన డాక్టర్ వివరాలతో ఆరోగ్య శాఖకి పంపాలి. షుగర్‌కి ఇలాంటిది అమెరికాలో అదే మొదటిది. ఉద్దేశం చెడ్డది కాదు. ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెప్తుంది కాబట్టి, తొమ్మిది దాటి ఉండి పరీక్షకి రావడం మానేసినవాళ్లు కళ్లు, కిడ్నీలు పోగొట్టుకునే దారిలో ఉన్నారని అర్థం. వాళ్లని వెనక్కి పిలవాలి అని.

గట్టునడక — మంగళవారం, ఉదయం 8:47

> ఉద్దేశం చెడ్డది కాదు

పెద్దవారు, మీ మాట మీద గౌరవంతోనే అంటున్నాను. అదే న్యూయార్క్‌లో పేషెంట్ అనుమతి అడగలేదు. పరీక్షకి రమ్మని శాఖ పంపే ఉత్తరాలు వద్దంటే మానేస్తారు, రిజిస్టర్‌లోంచి పేరు మాత్రం తీయరు. నాకు మింగుడుపడనిది అదే. క్షయ లాంటి అంటురోగమైతే పక్కవాడికి సోకకుండా చూడాలి, సరే. షుగర్ అంటుకోదు కదా. నా ఒంట్లో ఉన్నది నా ఒంట్లోనే ఉంటుంది. మరి నా అనుమతి లేకుండా తీసుకునే అధికారం ఎక్కడినుంచి వచ్చినట్టు?

మూడోమలుపు — మంగళవారం, మధ్యాహ్నం 1:30

నాది మూర్ఛ జబ్బు. ఇరవయ్యో ఏట మొదలైంది. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

నేనున్న చోట స్పృహ తప్పే జబ్బు ఉన్నవాళ్ల పేరు డాక్టర్ ప్రభుత్వానికి పంపాలి, అక్కడినుంచి డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేవాళ్లకి వెళ్తుంది. కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ లాంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లోనూ డాక్టర్లే తెలియజేయాలని నిబంధన ఉంది. బ్రిటన్‌లో అయితే చెప్పాల్సిన బాధ్యత పేషెంట్‌దే. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ డాక్టర్ గదిలో కూర్చున్నవాడికి అది ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

నాకు పద్నాలుగు నెలలు ఫిట్స్ రాలేదు. తర్వాత ఒక రాత్రి వచ్చింది. పొద్దున లేచేసరికి నాలుక కొరుక్కుని ఉంది, దిండు మీద రక్తం, భుజం నొప్పి. నాకు తెలిసిపోయింది. వారం తర్వాత డాక్టర్ గారు "ఈ మధ్య ఏమైనా వచ్చాయా" అని అడిగారు. ఆయన చెయ్యి కీబోర్డ్ మీద ఉంది. నేను ఆ చేతినే చూస్తూ "లేదు సార్" అన్నాను. నా ఉద్యోగం బండి మీద, ఆ ఉద్యోగం మీద నలుగురం. ఆయన సంతోషపడి మందు డోసు పెంచకుండా అలాగే ఉంచారు. రెండు నెలలకి పట్టపగలు, మెట్ల మీద ఫిట్స్ వచ్చి పడిపోయాను. చెయ్యి విరిగింది. అదృష్టం, అప్పుడు నేను బండి మీద లేను, లేకపోతే ఇంకెవరి ప్రాణమో పోయేది.

నేను చేసింది తప్పు, సమర్థించుకోవడం లేదు. కానీ ఒకటి చూడండి. రోడ్డు మీద జనాన్ని కాపాడటానికి పెట్టిన నిబంధన నన్ను డాక్టర్ దగ్గర అబద్ధమాడేలా చేసింది. ఆ అబద్ధం వల్ల మందు సరిపోలేదు, మందు సరిపోనివాడు రోడ్డు మీదే తిరిగాడు.

గాజుస్లైడు — మంగళవారం, మధ్యాహ్నం 2:02

అన్నా, చదువుతుంటే గుండె బరువెక్కింది. చెప్పినందుకు థాంక్స్. ఇప్పుడెలా ఉన్నారు?

మూడోమలుపు — మంగళవారం, మధ్యాహ్నం 2:15

బాగున్నాను తమ్ముడూ. డాక్టర్ గారికి అంతా చెప్పేశాను. లైసెన్స్ వదులుకున్నాను. ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు, జీతం తగ్గింది.

సూటిగా_1 — మంగళవారం, సాయంత్రం 5:40

దాచడానికేమీ లేనివాడికి భయమెందుకండీ. నా బీపీ, నా షుగర్ ఎవరు చూసుకుంటే నాకేంటి. ఉచితంగా గుర్తుచేస్తున్నారు, సంతోషించక.

నిశ్శబ్దతీరం — మంగళవారం, రాత్రి 11:18

సూటిగా గారూ, మీకు నష్టం లేదంటే నిజంగా సంతోషం. నాకుంది. నేను హెచ్ఐవీతో బతుకుతున్నాను.

సింగపూర్‌లో ఏం జరిగిందో చెప్తాను. 2019 జనవరిలో అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖే ప్రకటించింది, హెచ్ఐవీ రిజిస్ట్రీలో ఉన్న 14,200 మంది వివరాలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయని. 5,400 మంది సింగపూర్ వాళ్లు, 8,800 మంది విదేశీయులు. పేర్లు, గుర్తింపు నంబర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు, పరీక్ష ఫలితాలు. అందులో 1985 నుంచి ఉన్న కేసులున్నాయి. అంటే ముప్పై ఏళ్లు గుట్టుగా బతికినవాళ్లు కూడా. ఎక్కడో కూర్చున్న హ్యాకర్ గోడ దూకి ఎత్తుకెళ్లింది కాదు. ఆ రిజిస్ట్రీ తెరిచే అధికారం ఉన్న ఒక డాక్టర్ దగ్గరి మనిషి చేతికి ఆ ఫైల్ వెళ్లింది. కంచే చేను మేయడం అంటే ఇదే. తాళం ఎంత గట్టిదైనా తాళంచెవి ఉన్నవాళ్లు ఎంతమంది అన్నదే నాకు భయం.

ఆ వార్త చదివిన రోజు నేను వేరే దేశంలో, వేరే రిజిస్టర్‌లో ఉన్నాను. అయినా రాత్రంతా నా పేరు గూగుల్‌లో వెతుకుతూ కూర్చున్నాను. ఆ తర్వాత ఆరు నెలలు రక్తపరీక్షకి వెళ్లలేదు. మందులు మాత్రం మానలేదు, కానీ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) ఎంతుందో తెలియకుండా ఆరు నెలలు గడిపాను. డాక్టర్లకి నేను పరీక్షలు ఎగ్గొట్టిన పేషెంట్‌లా కనిపించి ఉంటాను.

తీర్పులపుస్తకం — బుధవారం, ఉదయం 7:55

గట్టునడక గారు అధికారం ఎక్కడిది అన్నారు కదా. కోర్టులు ఈ ప్రశ్నని ఇదివరకే చూశాయి. నాకు బాగా తెలిసిన రెండు కేసులు చెప్తాను.

మొదటిది అమెరికా సుప్రీంకోర్టు, 1977, వేలెన్ వర్సెస్ రో. న్యూయార్క్ రాష్ట్రం 1972లో ఒక చట్టం చేసింది. దుర్వినియోగమయ్యే ప్రమాదం ఎక్కువున్న కొన్ని మందులు వాడే పేషెంట్ల పేర్లు, చిరునామాలు రాష్ట్ర కంప్యూటర్‌లోకి వెళ్లాలని. పేషెంట్లు, డాక్టర్లు కేసు వేశారు. కోర్టు న్యాయమూర్తులంతా ఏకాభిప్రాయంతో చట్టం చెల్లుతుందన్నారు. కానీ ఎందుకన్నారో చూడండి. కాగితాలు వచ్చే గది చుట్టూ తాళం వేసిన ఇనుప వల, అలారం ఉన్నాయి. వివరాలున్న కంప్యూటర్ టేపులు తాళం వేసిన బీరువాలో ఉన్నాయి. ఆ టేపులు వాడేటప్పుడు కంప్యూటర్‌ని బయటి ఏ టెర్మినల్‌కీ కలపరు. ఐదేళ్లకి కాగితాలు నాశనం చేస్తారు. బయటపెడితే శిక్ష. ఇవన్నీ తీర్పులో రాసి ఉన్నాయి. ఆ తీర్పు పేరు చెప్పి ఇవాళ రిజిస్టర్లని సమర్థించేవాళ్లు ఆ ఇనుప వల ఇప్పుడు ఎక్కడుందో కూడా చూపించాలి. ఇవాళ్టి రిజిస్టర్ వంద ఆఫీసుల్లో, వెయ్యి లాగిన్లతో తెరుచుకుంటుంది.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. 2008 జులైలో యూరప్ మానవ హక్కుల కోర్టు ఇచ్చిన తీర్పు, ఐ వర్సెస్ ఫిన్లాండ్. కేసు వేసినావిడ నర్సు ('ఐ' అన్నది ఆవిడ పేరుకి బదులు వాడిన అక్షరం). హెచ్ఐవీ ఉంది. తను పనిచేసే ఆసుపత్రిలోనే వైద్యం. తోటి ఉద్యోగులకి తెలిసిపోయిందని అనుమానం వచ్చి, నా ఫైల్ ఎవరు తెరిచారో చెప్పండి అని అడిగింది. చెప్పలేం అన్నారు. ఎందుకంటే ఆ కంప్యూటర్‌లో చివరి ఐదు సార్లు మాత్రమే కనిపిస్తాయి, అదీ మనిషి పేరుతో కాదు, ఏ విభాగం అన్నంతవరకే, ఫైల్ తిరిగి రికార్డు గదికి వెళ్లాక అది కూడా చెరిగిపోతుంది. ఫిన్లాండ్ కోర్టుల్లో ఆవిడ ఓడిపోయింది, ఎవరు చూశారో నువ్వు రుజువు చేయలేదు అని. యూరప్ కోర్టు మాత్రం, ఎవరు తెరిచారో నమోదు చేయకపోవడమే అసలు లోపం, ఆవిడ గోప్యతని కాపాడటంలో దేశం విఫలమైంది అని చెప్పింది. చూసినవాడి జాడ లేకుండా చేసి, చూశాడని రుజువు నువ్వే తే అనడం న్యాయం కాదు.

మన దగ్గర కూడా 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. అదే ఏడాది వచ్చిన హెచ్ఐవీ చట్టంలో రోగి అనుమతి లేకుండా వివరాలు బయటపెట్టకూడదని, ఏయే మినహాయింపులు ఉండొచ్చో రాసి మరీ చెప్పారు. షుగర్, మూర్ఛ, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకి కూడా అంత స్పష్టంగా రాసిపెట్టాలన్నది నా అభిప్రాయం.

సున్నాఒకటి — బుధవారం, ఉదయం 9:30

పేర్లు తీసేసి లెక్కలు మాత్రం పంచుకుంటాం అనేవాళ్లకి ఒక మాట, ఎందుకంటే ఈ చర్చ ఎప్పుడైనా అక్కడికే వెళ్తుంది. లటాన్యా స్వీనీ అనే శాస్త్రవేత్త 1990ల్లో, పేర్లు తీసేసిన ఆసుపత్రి రికార్డుల్ని ఓటర్ల జాబితాతో పోల్చి అప్పటి మసాచుసెట్స్ గవర్నర్ రికార్డునే పట్టుకున్నారు. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్, ఈ మూడూ ఉంటే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని ఆవిడ అంచనా. అరుదైన జబ్బు ఉన్నవాళ్లకైతే మూడు కూడా అక్కర్లేదు.

సూటిగా గారూ, ఆస్ట్రేలియాలో 2018లో అందరికీ ఒక ఆన్‌లైన్ ఆరోగ్య రికార్డు పెడతాం, వద్దన్నవాళ్లు చెప్పండి అన్నారు. 25 లక్షల మందికి పైగా వద్దన్నారు. వాళ్లందరికీ దాచుకోవాల్సిన రహస్యాలున్నాయని కాదు. పోలీసులు కోర్టు ఆర్డర్ లేకుండా చూడొచ్చా అని జనం అడిగారు, గొడవయ్యాక ఆ ఏడాది చివర్లోనే చట్టం మార్చి కోర్టు ఆర్డర్ ఉండాల్సిందే అన్నారు. ఎవరూ అడక్కపోతే అది అలాగే ఉండిపోయేది.

నిర్వాహకురాలు — బుధవారం, ఉదయం 10:10

చిన్న మనవి. ఇద్దరు ముగ్గురు తమకొచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు పెట్టారు, తీసేశాను. వాటిలో పేషెంట్ నంబర్లు కనిపిస్తున్నాయి. శాఖ పేరు, ఆసుపత్రి పేరు కూడా వద్దు. చర్చ కొనసాగించండి.

పాతరిజిస్టరు — బుధవారం, రాత్రి 8:50

నిన్నటి నుంచి అన్నీ రెండుసార్లు చదివాను. మూర్ఛ గురించి రాసిన బాబుకి, నిశ్శబ్దతీరం గారికి ఒక మాట. మీరు రాసినవి చదివాక, పరీక్షలకి రానివాళ్ల పేర్ల పక్కన "సహకరించడం లేదు" అని నేను చేత్తో రాసిన కాగితాలు గుర్తొచ్చాయి. ఎందుకు రాలేదో రాయడానికి ఆ ఫారంలో గడి ఉండేది కాదు. నేనూ అడగలేదు.

అయినా రిజిస్టర్ మూసేయమని నేను అనలేను. పని ఎలా చేయాలో మా పై అధికారి ఒకావిడ నేర్పింది. ఎవరి ఇంటికైనా వెళ్లాల్సి వస్తే శాఖ బోర్డున్న బండిని వీధి మొదట్లోనే ఆపించేది. మెడలో కార్డు తీసి బ్యాగులో పెట్టమనేది. తలుపు తీసింది ఎవరైనా సరే, ఆ మనిషి ఎదురుగా వచ్చేదాకా జబ్బు పేరు నోట్లోంచి రాకూడదు. లేరంటే "మళ్లీ వస్తాం" అని వచ్చేయడమే, చీటీ కూడా ఇవ్వకూడదు. ఫోన్ చేస్తే ముందు పుట్టిన తేదీ అడిగి, "ఇప్పుడు మాట్లాడటానికి వీలుగా ఉందా" అని అడిగాకే విషయం. ఇదంతా నిదానమైన పని, రోజుకి ఆరేడు ఇళ్లకంటే అయ్యేవి కావు. ఇప్పుడు ఒక్క క్లిక్‌తో లక్ష మెసేజ్‌లు పంపుతున్నారు. ఆ మెసేజ్‌లో హెచ్‌బీఏ1సీ అంకె పెట్టాల్సిన పనేముంది? "మీ ఆరోగ్య పరీక్ష గడువు దాటింది" అంటే సరిపోదా? పేరు కూడా అక్కర్లేదు.

గట్టునడక — బుధవారం, రాత్రి 9:25

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను సార్. మీలాంటివాళ్లు ఫోన్ చేసి ఉంటే నేను కూడా మాట్లాడేవాణ్ణి. అనుమతి అడగాలన్న నా పట్టు మాత్రం వదలను.

సంధ్యావెలుగు — తర్వాతి వారం, శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ దండాలు. ఏం జరిగిందో చెప్పడానికి వచ్చాను.

గాజుస్లైడు తమ్ముడు చెప్పినట్టు ముందు ల్యాబ్‌కి వెళ్లాను. ఐదు నిమిషాల్లో నంబర్ మార్చారు, మార్చినట్టు ప్రింట్ తీసి ఇచ్చారు. శాఖ ఆఫీసులో రెండు గంటలు కూర్చున్నాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. నా పేరు, ఏడేళ్ల ఫలితాలు వరుసగా ఉన్నాయి, నాకే గుర్తులేనివి కూడా. తొమ్మిది దాటినవి ఎర్రగా ఉన్నాయి. మా నాన్న పోయిన ఏడాది మొత్తం ఎర్రగానే ఉంది. ఆ ఏడాది నేను ఎలా ఉన్నానో నా రిపోర్టులు చూసి ఎవరైనా చెప్పేయొచ్చని అప్పుడే తెలిసింది.

మెసేజ్‌లు ఆపేస్తామన్నారు. రికార్డు తీయడం కుదరదన్నారు. "ఇప్పటిదాకా దీన్ని ఎవరెవరు తెరిచారో చెప్పండి" అని అడిగాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి వచ్చి, అలా ఇచ్చే పద్ధతి లేదండీ, ఇంతవరకు ఎవరూ అడగలేదు అంది.

అమ్మ ఇప్పుడు కాస్త కుదుటపడింది. తమ్ముడు రోజూ ఫోన్ చేసి నడిచావా అని అడుగుతున్నాడు. వాడి ప్రేమ నాకు తెలుసు, అయినా ఫోన్ మోగితే టెన్షన్ వస్తోంది.

తీర్పులపుస్తకం — శుక్రవారం, రాత్రి 10:02

సంధ్య గారూ, రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకి జాడ ఉండదు. ఎస్టోనియాలో మామూలు పేషెంట్ ఇంట్లో కూర్చుని లాగిన్ అయ్యి తన రికార్డు ఎవరు చూశారో చూసుకుంటాడు, వద్దనుకుంటే ఆ సమాచారాన్ని డాక్టర్లకి కూడా కనపడకుండా మూసేయగలడు. అంటే సాంకేతికంగా అసాధ్యమైన పనేమీ మీరు అడగడం లేదు.

పాతరిజిస్టరు — శుక్రవారం, రాత్రి 10:31

అమ్మా, ఉత్తరంలో "ఎవరు చూశారు" అని మాత్రం రాయొద్దు, దానికి "అధికారులు" అని ఒక్క మాటలో జవాబిచ్చేస్తారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ యూజర్ ఐడీతో, ఏ ఆఫీసు నుంచి, ఎందుకోసం తెరిచారు, అని విడివిడిగా అడగండి. లాగ్ (ఎవరు ఎప్పుడు తెరిచారో కంప్యూటర్ రాసుకునే చిట్టా) ఉంటే ఇస్తారు. లేకపోతే లేదని రాసివ్వమనండి, ఆ కాగితం కూడా పనికొస్తుంది. కావాలంటే నేను రాసిపెడతాను, మీరు మీ పేరు పెట్టుకుని పంపండి.

సంధ్యావెలుగు — శుక్రవారం, రాత్రి 10:44

పంపండి బాబాయ్ గారూ. సోమవారం నేనే వెళ్లి ఇచ్చి, రసీదు తీసుకుని వస్తాను.

నిశ్శబ్దతీరం — శుక్రవారం, రాత్రి 11:50

ఆ ఉత్తరం కాపీ నాకు కూడా కావాలి. నా రిజిస్టర్ వాళ్లని అడుగుతాను.